రెండు సాకెట్ల సర్వర్‌లో ప్రాసెసర్లు మార్చుకోవడం

ప్రాసెసర్ బిగించడం అరగంట పని. ఏది కొనాలో తేల్చుకోవడమే అసలు పని, అది కుర్చీలో కూర్చుని కాగితం మీద చెయ్యాల్సింది. మా పిల్లలేమో ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తారు. "బోర్డు పేరేంది, రివిజన్ ఎంత, బయోస్ ఎప్పటిది?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. (బయోస్ అంటే ఆన్ చెయ్యగానే బోర్డును లేపే చిన్న ప్రోగ్రాం.)

నేను తిరుపతికి, చంద్రగిరికి మధ్య ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటాను. మా సర్వర్‌లో ఉన్నది సూపర్‌మైక్రో ఎక్స్10డీఆర్ఐ బోర్డు. దాని మీద జియాన్ ఈ5-2620 వీ3 ప్రాసెసర్లు రెండు ఉండేవి, ఒక్కోదానికి 6 కోర్లు. ఒక సెక్షన్ పిల్లలంతా ఒకేసారి వర్చువల్ మెషీన్లు (సర్వర్ లోపలే నడిచే ఊహా కంప్యూటర్లు) తెరిస్తే సర్వర్ నడుం వాల్చేసేది. కొత్త సర్వర్‌కి ఫైలు పెడితే అది ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు కూర్చుంటుందో కాలేజీల్లో పనిచేసే వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అదే బోర్డులో ఈ5-2680 వీ4 జత వేసుకుంటే ఒక్కోదానికి 14 చొప్పున 28 కోర్లు వస్తాయి. డేటా సెంటర్లు పక్కన పెట్టేసిన ఈ చిప్‌లు మనకు దగ్గరలో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో వెతుక్కోవచ్చు. మా బోర్డునే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. మీది డెల్ అయినా, హెచ్‌పీ అయినా వరుస ఇదే.

పేరులోనే అంతా ఉంది

ఈ5-2680 వీ4 అన్న పేరును ముక్కలు చేసి చూడండి. గీత తర్వాత వచ్చే మొదటి అంకె, ఒక బోర్డు మీద అలాంటివి ఎన్ని కలిసి పనిచేస్తాయో చెబుతుంది. 2 అంటే రెండు. ఈ5-1650 లాంటి 1తో మొదలయ్యేవి ఒంటరివి. సాకెట్‌లో చక్కగా కూర్చుంటాయి, కానీ పక్క ప్రాసెసర్‌తో మాట్లాడే క్యూపీఐ లింకు వాటికి ఉండదు. అదే సాకెట్‌కి వచ్చిన కోర్ ఐ7లదీ అదే కథ. 4తో మొదలయ్యేవి నాలుగు సాకెట్ల బోర్డుల కోసం చేసినవి. రెండో అంకె సాకెట్ రకం. 26 అంటే ఎల్‌జీఏ 2011 కుటుంబం. పాత ఈ5-2400లు రెండు సాకెట్లవే అయినా ఎల్‌జీఏ 1356కి చెందినవి, మన బోర్డులో కూర్చోవు.

ఇక చివరి వీ, అది ఎన్నో తరమో చెబుతుంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 2012లో వచ్చిన మొదటి తరం, 2013 నాటి వీ2 ఎల్‌జీఏ 2011వి, డీడీఆర్3 ర్యామ్‌తో నడుస్తాయి. 2014లో వచ్చిన వీ3, 2016లో వచ్చిన వీ4 మాత్రం ఎల్‌జీఏ 2011-3, డీడీఆర్4. రెండిటికీ పిన్నుల లెక్క 2011 అయినా ఒకదానిది ఇంకోదాంట్లో పట్టదు, అంచున ఉండే గాడులు వేరేచోట ఉంటాయి. బలవంతంగా నొక్కితే సాకెట్ పోతుంది. బోర్డు మీద సీ602 చిప్‌సెట్ ఉంటే మొదటి రెండు తరాలు, సీ612 ఉంటే వీ3, వీ4 అని గుర్తు పెట్టుకోండి. మాది సీ612.

కొత్త బోర్డులు ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. 2017 తర్వాతి జియాన్ స్కేలబుల్ చిప్‌లలో, 6212యూ లాగా పేరు చివర యూ ఉంటే అది ఒక్క సాకెట్‌కే. ఏఎండీ ఎపిక్‌లో 7402పీ లాగా చివర పీ ఉన్నా అంతే. వాడిన ఎపిక్ కొనేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. కొన్ని కంపెనీల సర్వర్లు చిప్‌ను మొదటిసారి ఆన్ చేసినప్పుడే దాన్ని తమ బోర్డులకు శాశ్వతంగా కట్టేస్తాయి. ఆ తర్వాత అది వేరే కంపెనీ బోర్డులో లేవదు. "ఏ సర్వర్లోంచి తీశారు?" అని అడక్కుండా ఎపిక్ కొనకండి.

రెండు ప్రాసెసర్లూ ఒకే మోడల్, ఒకే తరం అయి ఉండాలి. కోర్లు, వేగం, క్యాష్ (చిప్ లోపలి చిన్న మెమరీ) అన్నీ కలవాలి. పేరుతో పాటు ఎస్-స్పెక్ కోడ్ (ఒక్కో రకం చిప్‌కి ఇంటెల్ ఇచ్చే గుర్తు) కూడా కలిస్తే ఇంక ఆలోచించే పనే లేదు. 2680 వీ4కి అది ఎస్ఆర్2ఎన్7, చిప్ పైన లోహపు మూత మీద చెక్కి ఉంటుంది. ఒక కొట్టులో నాకు "రెండూ 2680లే మేడమ్" అంటూ జత చేతిలో పెట్టారు. మూత మీదున్న పాత పేస్టు తుడిచి చూస్తే ఒకటి వీ4, ఇంకోటి వీ3. వీ3కి 12 కోర్లే. అక్కడే మార్పించుకున్నాను. అందుకే చిప్‌లు కొనడానికి వెళ్లేటప్పుడు బ్యాగులో చిన్న మెత్తటి గుడ్డ ఉండాలి. పేస్టు కింద ఏముందో చూడకుండా డబ్బులివ్వకండి. మూత మీద ఎస్ఆర్ బదులు క్యూతో మొదలయ్యే కోడ్, దాని పైన ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది పరీక్షల కోసం తయారుచేసిన నమూనా. ధర చూసి నోరూరుతుంది కానీ వద్దు. బయోస్‌కి దాని పరిచయం ఉండకపోవచ్చు.

తర్వాత కింది వైపు తిప్పి చూడండి. బంగారు చుక్కల మధ్యలో ఉన్న ఖాళీలో ఆవగింజలంత కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఊడి సోల్డర్ మచ్చ మాత్రమే మిగిలిందంటే, ఆ చిప్ తిరిగి ఇచ్చెయ్యండి.

వేడి, కరెంటు, కూలర్

2620 వీ3 ఒక్కోటి 85 వాట్లు, 2680 వీ4 ఒక్కోటి 120. అంటే రెండిటికీ కలిపి 70 వాట్లు పెరుగుతుంది. మా పవర్ సప్లైకి అది లెక్క కాదు గానీ, యూపీఎస్ మీద ఇంకా ఏమేం వేలాడుతున్నాయో లెక్క వేసుకోవాలి. ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతి ఎండ సంగతి తెలిసిందే. మధ్యాహ్నం కరెంటు పోయి, ఏసీ ఆగి, యూపీఎస్ మీద సర్వర్ మాత్రం నడుస్తూ ఉంటే ఆ గది ఎంతసేపట్లో పొయ్యి అవుతుందో కూడా చూసుకోండి. ప్రతి బోర్డు మాన్యువల్‌లోనూ ఎన్ని వాట్ల చిప్ వరకు భరిస్తుందో రాసి ఉంటుంది. 145 దగ్గర ఆగిపోయే బోర్డులో 160 వాట్ల 2687డబ్ల్యూ వీ4 పెట్టాలని చూడకండి.

కూలర్ కొనేటప్పుడు ఇంకో కొలత కావాలి. ఈ సాకెట్ చుట్టూ ఉండే బిగింపు చట్రం రెండు రకాలు. చదరంగా ఉండేదానికి స్క్రూ రంధ్రాల మధ్య దూరం అటూ ఇటూ 80 మిల్లీమీటర్లు. సన్నగా ఉండేదానికి 56, 94. ఒకదాని కూలర్ ఇంకోదానికి పట్టదు. స్కేలు పెట్టి కొలిచి, ఆ రెండంకెలు ఫోన్‌లో రాసుకుని కొట్టుకెళ్లండి. రెండో సాకెట్‌ను మొదటిసారి నింపేవాళ్లు దాని కోసం బోర్డు మీదున్న రెండో 8 పిన్నుల పవర్ సాకెట్‌కి కేబుల్ ఉందో లేదో కూడా చూడాలి. కంపెనీ సర్వర్లయితే రెండో ప్రాసెసర్‌తో పాటు అదనపు ఫ్యాన్లు కూడా అడుగుతాయి.

బయోస్ ముందు

వీ3 కోసం అమ్మిన బోర్డుకి వీ4 అంటే ఏంటో తెలియదు. బయోస్ అప్‌డేట్ చేసి చెప్పాలి, అదీ పాత ప్రాసెసర్లు బోర్డు మీద ఉండగానే. కొత్తవి పెట్టాక అప్‌డేట్ చేద్దాం అనుకుంటే స్క్రీన్ మీద ఏమీ రాదు, పాతవి మళ్లీ బిగించాల్సిందే. తయారీదారు సైటులో మీ బోర్డు పేజీకి వెళ్లి, వీ4 అని రాసి ఉన్న బయోస్ దించుకుని, పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించండి. ఈ తరం సూపర్‌మైక్రోలో ఐపీఎంఐ పేజీ (సర్వర్‌ను దూరం నుంచి చూసుకునే వెబ్ పేజీ) నుంచి బయోస్ ఎక్కించాలంటే విడిగా లైసెన్స్ కొనాలి. పెన్‌డ్రైవ్‌కి ఆ ఖర్చు లేదు. ఎక్కుతున్నంతసేపు యూపీఎస్ మీద ఉంచండి, ఎవరినీ ఆ స్విచ్ బోర్డు దగ్గరకి పోనివ్వకండి. అయ్యాక పాత ప్రాసెసర్లతోనే ఒకసారి బూట్ చేసి కొత్త వర్షన్ నంబరు కంటితో చూడాలి. అప్పుడే ఒక పది నిమిషాలు నడవనిస్తే కూలర్ల కింద గట్టిపడిన పేస్టు కూడా మెత్తబడుతుంది.

చెయ్యి పెట్టే ముందు

ఈ భాగం మాన్యువళ్లలో ఉండదు, అవి రాసేవాళ్లు చీర కట్టుకోరు కాబట్టి. సర్వర్ విప్పే రోజు నేను నూలు చీరే కడతాను. పాలిస్టర్ చీర, పైగా ఏసీ గదిలో పొడి గాలి ఉంటే నడుస్తుంటేనే స్టాటిక్ పుడుతుంది. గాజులు తీసి పక్కన పెట్టాలి. నల్లపూసలు జాకెట్టులోకి వేసుకోవాలి, వంగినప్పుడు బోర్డు మీదకి జారతాయి. తలలో పూలు కూడా తీసెయ్యండి. మల్లెపూవు రేకు ఒకటి తెరిచిన సాకెట్‌లో పడితే దాన్ని పిన్నులకు తగలకుండా తియ్యడం మామూలు పని కాదు. యాంటీ స్టాటిక్ పట్టీ చేతికి కట్టుకుని క్లిప్ క్యాబినెట్ ఇనుముకి పెట్టండి.

చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకోవాలి. మా ఊళ్లో దీనికో ప్రత్యేక కారణం ఉంది. కొండకి వెళ్లొచ్చిన వాళ్లు ఎవరో ఒకరు లడ్డూ తెచ్చి అందరికీ పంచుతారు, కాదనలేం. ఆ నెయ్యి వేళ్లతో చిప్ కింది చుక్కలు ముట్టుకున్నామంటే అయిపోయినట్టే.

పవర్ కేబుల్ తియ్యాలి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. కేబుల్ ఉన్నంతసేపూ బోర్డు మీద చిన్న పచ్చ లైటు కొట్టుకుంటూనే ఉంటుంది, అది బీఎంసీ, సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండే చిన్న చిప్. సర్వర్ నిద్రపోయినా అది మేలుకునే ఉంటుంది. రెండు పవర్ సప్లైలుంటే రెండు కేబుళ్లూ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. పచ్చ లైటు ఆరాకే లోపల చెయ్యి.

సాకెట్ దగ్గర

కూలర్ నాలుగు స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా వదులు చెయ్యండి. వదులయ్యాక ఇటూ అటూ కాస్త మెలిపెట్టి అప్పుడు పైకి లేపాలి. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. ఇది చిప్ ఇంకా బిగించి ఉండగానే చెయ్యండి, తుడిచేటప్పుడు ముక్కలు సాకెట్‌లో రాలవు.

ఈ సాకెట్‌కి లీవర్లు రెండు. ముందు తెరవాల్సింది ఏదో, ముందు మూయాల్సింది ఏదో వాటి దగ్గరే గుర్తు ఉంటుంది. తెరిచేటప్పుడు ఒక వరుస, మూసేటప్పుడు దానికి తిరగేసిన వరుస. లీవర్‌ను కిందికి నొక్కి, పక్కకి జరిపి, మెల్లగా వదలాలి. చేతిలోంచి జారితే స్ప్రింగు లాగా ఎగిరి కొడుతుంది. రెండూ తెరిచాక, ముందు తెరిచిన లీవర్‌ను కొంచెం కిందికి నొక్కితే పై చట్రం అంచు లేస్తుంది, దాన్ని పట్టుకుని పూర్తిగా తెరవండి. చిప్‌ను రెండు అంచులు పట్టుకుని నిటారుగా పైకి తియ్యండి.

ఇప్పుడు తొందర పడకండి. ఫోన్ టార్చి వేసి, సాకెట్ మీదకి పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడేట్టు పట్టుకోండి. పిన్నులన్నీ ఒకే వైపు ఒరిగి, కొసలన్నీ ఒకే వరుసలో మెరుస్తాయి. ఫోన్ కొంచెం కదిలిస్తే ఆ మెరుపు గీతలు గీతలుగా పరుగెత్తుతుంది. ఎక్కడైనా ఒక చుక్క మెరవకపోయినా, పక్క వరుసలోకి జరిగి మెరిసినా అక్కడ పిన్ను వంగింది. నాలుగు పక్కల నుంచీ చూడాలి, ఒక పక్క నుంచి కనబడని వంపు ఇంకో పక్క నుంచి కనబడుతుంది. వంగిన పిన్నును సన్న సూదితో లేపేవాళ్లు ఉన్నారు, భూతద్దం పెట్టి నేనూ లేపాను. కానీ విరిగితే బోర్డు పోతుంది. కంటిచూపు మీద నమ్మకం లేకపోతే మొబైల్ రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, మైక్రోస్కోపు వాళ్ల దగ్గర ఉంటుంది. నోటితో మాత్రం ఊదకండి, తుంపర పడుతుంది.

కొత్త చిప్ మూలలో చిన్న బంగారు త్రికోణం ఉంటుంది. సాకెట్ మూలలో ఉన్న గుర్తుకి దాన్ని కలపండి. అంచు గాడులు కూడా కుదిరాయో లేదో చూసి, నిటారుగా దించి వదలండి. నొక్కక్కర్లేదు, దాని బరువుకే కూర్చుంటుంది. సరిగ్గా కూర్చోకపోతే పైకెత్తి మళ్లీ దించండి, లోపల జరపకండి. చట్రం మూసి లీవర్ దించేటప్పుడు బాగా బిగువుగా ఉంటుంది, కిర్రుమని చప్పుడు కూడా వస్తుంది. మా ల్యాబ్ అసిస్టెంట్ ఆ చప్పుడు వినగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పోయిందా మేడమ్?" "ఏం పోలేదు నాయనా, గాడులు కుదిరాయని చూసుకున్నావు కదా, నొక్కు." గాడులు చూసుకున్నాక వచ్చే చప్పుడుకి భయపడక్కర్లేదు. చూసుకోకుండా వస్తే మాత్రం ఆగాలి.

పేస్టు శనగగింజంత, మూత మధ్యలో. పూయక్కర్లేదు, కూలర్ బరువే పరుస్తుంది. కూలర్‌ను నేరుగా దించి, నాలుగు స్క్రూలకీ ముందు రెండేసి చుట్లు పట్టించండి. తర్వాత ఎదురెదురు మూలలు మార్చి మార్చి బిగించాలి. స్క్రూ ఆగిందంటే ఆపెయ్యండి. ఎల్‌జీఏ 3647 బోర్డులైతే పద్ధతి వేరు. అక్కడ చిప్‌ను ప్లాస్టిక్ చట్రంతో కూలర్‌కే తగిలించి, రెండూ కలిపి సాకెట్ మీద దించి, కూలర్ మీద రాసిన 1, 2, 3, 4 వరుసలో టీ30 టార్క్స్ స్క్రూడ్రైవర్‌తో బిగిస్తారు.

ర్యామ్‌ను కూడా ఇప్పుడే చూసుకోండి. ఒక్కో ప్రాసెసర్‌కి నాలుగు చానళ్లు, అంటే ర్యామ్‌తో మాట్లాడే దారులు. మా బోర్డులో 16 స్లాట్లు, 8 ఒకదానివి, 8 ఇంకోదానివి. 8 ర్యామ్ కర్రలుంటే అన్నీ ఒక పక్కన పేర్చకుండా, ముందు నీలం స్లాట్లలో నాలుగూ నాలుగూ పంచాలి. రెండో సాకెట్ ఖాళీగా ఉన్న సర్వర్‌లో సగం ర్యామ్ కనబడట్లేదని, ఒక పీసీఐ స్లాట్‌లో కార్డు పనిచెయ్యట్లేదని నన్ను అడిగేవాళ్లు చాలామంది. ఆ స్లాట్లు రెండో ప్రాసెసర్ కిందివి, అది లేకపోతే అవి లేనట్టే. ఒకే ప్రాసెసర్ ఉంటే అది 1 అని రాసి ఉన్న సాకెట్‌లోనే ఉండాలి.

ఆన్ చేశాక

మొదటిసారి స్క్రీన్ వెంటనే రాదు. ర్యామ్‌ను కొత్తగా కొలుచుకుంటుంది, ఒకటి రెండుసార్లు తనంతట తనే రీస్టార్ట్ అవుతుంది. కంగారుపడి కేబుల్ పీకకండి, కొన్ని నిమిషాలు వదిలెయ్యండి. బయోస్‌లోకి వెళ్లి డిఫాల్టులు లోడ్ చేసి, రెండు ప్రాసెసర్ల పేర్లు, మొత్తం ర్యామ్, వేగం చూడండి. 2620 వీ3లో ర్యామ్ 1866 దగ్గరే ఆగేది. 2680 వీ4 2400 దాకా పోనిస్తుంది, కర్రలు అంత వేగానివైతే.

ర్యామ్ కర్ర ఒకటి కనబడట్లేదా? కర్ర మార్చి చూడండి. అదే స్లాట్ మళ్లీ ఖాళీగా చూపిస్తే తప్పు ర్యామ్‌ది కాదు. ఈ చిప్‌లలో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ఒక పిన్ను వంగినా, కూలర్ ఒక మూల ఎక్కువ బిగిసినా, చుక్కల మీద జిడ్డు ఉన్నా ముందు పోయేది ఒక ర్యామ్ చానలే. కూలర్ విప్పి, చిప్ తీసి తుడిచి, సాకెట్‌ను మళ్లీ టార్చితో చూసి, సమానంగా బిగించండి. చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది. ఫ్యాన్లు గుయ్యిమని పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతూ ఉంటే అది ప్రాసెసర్ సమస్య కాదు. నిదానంగా తిరిగే కొత్త ఫ్యాన్‌ను చూసి బీఎంసీ అది ఆగిపోతోందనుకుంటోంది. ఐపీఎంఐ టూల్‌తో ఫ్యాన్ కనీస వేగం హద్దు తగ్గిస్తే ఊరుకుంటుంది.

లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే సాకెట్లు 2, న్యూమా నోడ్లు (ఒక్కో ప్రాసెసర్, దాని సొంత ర్యామ్ కలిపిన జట్టు) 2, మొత్తం సీపీయూలు 56 అని రావాలి, ఒక్కో కోర్ రెండుగా కనబడుతుంది కాబట్టి. ఆ తర్వాత స్ట్రెస్ టెస్ట్ పెట్టి రాత్రంతా వదిలి, ఐపీఎంఐ పేజీలో రెండు ప్రాసెసర్ల వేడి పక్కపక్కన చూడండి. ఒకదాని గాలి ఇంకోదాని మీదకి పోయే అమరికైతే కొంత తేడా మామూలే. గాలి దారులు వేరైనా ఒకటి బాగా వేడెక్కుతుంటే దాని కూలర్ విప్పి పేస్టు ఎలా పరుచుకుందో చూడాలి. వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లు ఒక్కో మెషీన్‌కి ఒకే ప్రాసెసర్‌లో పట్టేన్ని కోర్లే ఇవ్వండి. 16 ఇస్తే అది రెండు సాకెట్ల మీద కాళ్లు చాపుతుంది, పక్క ప్రాసెసర్ ర్యామ్ కోసం క్యూపీఐ దాటి పోవాల్సి వస్తుంది. విండోస్ సర్వర్ వాడేవాళ్లయితే అకౌంట్స్ వాళ్లకి ముందే చెప్పాలి, దాని లైసెన్స్ కోర్ల లెక్కన. 16 వరకు కనీస లెక్కలోనే పోతుంది, 28 అయితే 28కీ కట్టాలి. విండోస్ 10 హోమ్ అయితే రెండో సాకెట్‌ను అసలు పట్టించుకోదు, ప్రో కావాలి.

తీసేసిన 2620 జతను వెంటనే అమ్మెయ్యకండి. కొత్త చిప్‌లు వచ్చిన ప్లాస్టిక్ పెట్టెల్లోనే వాటిని పెట్టి, పైన బోర్డు పేరు రాసి బీరువాలో ఉంచండి. రేపు బోర్డు పోయి అదే మోడల్ ఇంకోటి తెచ్చుకుంటే, దాంట్లో పాత బయోస్ ఉండొచ్చు. దాన్ని లేపి అప్‌డేట్ చెయ్యడానికి మళ్లీ ఆ వీ3లే కావాలి.